కడ్డీ లేని నీళ్ళ దగ్గరకు పసిపిల్లలతో

ప్రశ్న: మేము కూకట్‌పల్లిలో ఉంటాము. బాబుకు ఐదేళ్ళు, పాపకు రెండున్నర. ఇద్దరూ ఇంతవరకు సముద్రం చూడలేదు. దసరా సెలవుల్లో మూడు రోజులు విశాఖపట్నం వెళ్దామని మావారు అంటున్నారు. ఆయన రాసిన పట్టికలో రామకృష్ణా బీచ్, జలాంతర్గామి, కైలాసగిరి, జూ పార్కు, ఋషికొండ, యారాడ, సింహాచలం, బొర్రా గుహలు, అరకు, ఇంకా ఏవేవో కలిపి పదమూడు చోట్లు ఉన్నాయి. మోకాళ్ళ నొప్పులున్న మా అత్తగారు కూడా వస్తారు. ఆవిడేమో అంత చిన్నపిల్లను సముద్రం దగ్గరకు తీసుకువెళ్ళకూడదని, పాపను మా అమ్మ దగ్గర వదిలి రమ్మని పట్టుబడుతున్నారు. పోయిన ఏడాది ఇలాగే ఒక ఊరు వెళ్ళి, రెండో రోజుకే పిల్లలకు జ్వరాలు, మా ఇద్దరికీ తగువు వచ్చి తిరిగివచ్చాము. ఈసారి అలా జరగకుండా ఏం చేయాలో చెప్పగలరా?

సమాధానం: అమ్మా, మీరు అడిగినది ఒకటే అయినా అందులో మూడు ప్రశ్నలు ఉన్నాయి. పాపను తీసుకువెళ్ళాలా, మీవారి పట్టికను ఏం చేయాలి, ఎప్పుడు వెళ్ళాలి. మొదటిది తేలకుండా మిగిలినవి మీ మనసుకు ఎక్కవు గనుక దానికి ముందే జవాబు చెబుతున్నాను. పాపను తీసుకువెళ్ళండి. అన్నకు సముద్రం చూపించి చెల్లిని ఇంట్లో వదిలితే, ఆ మూడు రోజులూ మీ ప్రాణం పాప దగ్గరే ఉంటుంది. అయితే మీ అత్తగారి మాటను చాదస్తమని కొట్టిపారేయకండి. ఆవిడ చెప్పిన ఉపాయాన్ని నేను ఒప్పుకోను గానీ, ఆవిడ భయం నూటికి నూరుపాళ్ళూ సరైనది.

హైదరాబాదులో పెరిగే పిల్లలకు నీళ్ళంటే హుస్సేన్‌సాగర్. ట్యాంక్‌బండ్ మీద కడ్డీ పట్టుకుని నిలబడితే నీళ్ళు అవతల ఉంటాయి, మనం ఇవతల ఉంటాము, ఎంతసేపు చూసినా నీళ్ళు ఉన్నచోటనే ఉంటాయి. మీ పిల్లల బుర్రలో నీటి గురించి ఉన్న జ్ఞానమంతా అదే. సముద్రం దగ్గర ఆ కడ్డీ లేదు. పైగా అక్కడ నీళ్ళే పిల్లల దగ్గరకు వస్తాయి, వచ్చి ఊరుకోకుండా తిరిగి వెళ్ళేటప్పుడు పాదాల కింది ఇసుకను కూడా లాక్కుపోతాయి. పెద్దవాళ్ళకు అది అరికాళ్ళలో చక్కిలిగింతలా ఉంటుంది. పదమూడు కిలోల పిల్లకు మాత్రం నిలబడిన నేల మాయమైపోవడమే.

నేను హైదరాబాదు రాకముందు కొన్నేళ్ళు విశాఖలో కాపురం ఉన్నాను. మా పెద్దవాడికి అప్పుడు నాలుగేళ్ళు. ఒక సాయంత్రం మోకాలు కూడా మునగని నీళ్ళలో వాడు ఆడుకుంటుంటే, నేను రెండడుగుల దూరంలో నిలబడి పక్కింటావిడతో మాట్లాడుతున్నాను. కెరటం వాడిని పడగొట్టిన చప్పుడు కూడా నాకు వినిపించలేదు. ఎవరో చేపలవాళ్ళ కుర్రవాడు పరుగున వచ్చి జబ్బ పట్టుకుని లేపితేనే నేను తిరిగి చూశాను. ఇన్నేళ్ళ తరువాత కూడా ఆ అర నిమిషం తలచుకుంటే నా చేతులు చల్లబడతాయి. నీళ్ళలో పడిన పసిపిల్లలు మనం అనుకున్నట్టు కేకలు వేయరు, నోట్లోకి నీళ్ళు పోతుంటే కేక వేయడానికి ఊపిరి ఉండదు.

అందుకని మీ ఇంటిల్లిపాదికీ ఒక్క నియమం పెట్టుకోండి. పిల్లలు తడి ఇసుక మీద ఉన్నంతసేపూ పెద్దవాళ్ళలో ఒకరి పని కేవలం చూడడమే. ఆ మనిషి చేతిలో ఫోను ఉండకూడదు, మాటల్లో పడకూడదు, చేయి చాపితే బిడ్డ అందాలి, సముద్రానికి వీపు పెట్టకూడదు. పావుగంటకొకసారి మనిషి మారాలి, మారేటప్పుడు 'ఇక నువ్వు చూడు' అని నోటితో చెప్పి మారాలి. ఇద్దరం ఉన్నాం కదా అనుకున్నచోటనే ఇద్దరిలో ఎవరూ చూడకుండా పోతారు. ఫోటోలు తీసుకోవాలంటే పొడి ఇసుక మీదకు వచ్చి తీసుకోండి. పిల్లలను నీళ్ళ అంచున, కెరటాలకు వీపుగా నిలబెట్టి ఫోటో తీయడమంత ప్రమాదం ఇంకొకటి లేదు.

రామకృష్ణా బీచ్ చూడడానికి ఎంత అందంగా ఉంటుందో దిగడానికి అంత మంచిది కాదు. అక్కడ ఒడ్డు వాలుగా ఉండి, నాలుగడుగులు వేయగానే లోతు వచ్చేస్తుంది. కెరటాలు ఒడ్డుకు మోసుకొచ్చిన నీరంతా తిరిగి లోపలికి పోవడానికి ఏదో ఒకచోట దారి చేసుకుంటుంది. ఆ దారిలో కెరటాలు విరగవు గనుక పైకి అది అన్నిటికన్నా ప్రశాంతంగా కనిపిస్తుంది, తెలియనివాళ్ళు అక్కడే దిగుతారు, అదే వాళ్ళను లోపలికి లాగుతుంది. రిప్ కరెంట్ అని పత్రికల్లో రాసేది దీని గురించే. ఈత వచ్చిన కాలేజీ కుర్రవాళ్ళు కూడా ఈ తీరంలో ప్రాణాలు పోగొట్టుకున్న వార్తలు ప్రతి ఏడాదీ చదువుతూనే ఉన్నాము. అమావాస్యకు, పౌర్ణమికి పోటు మరీ ఎక్కువగా ఉంటుంది గనుక తేదీలు కుదుర్చుకునేటప్పుడు క్యాలెండరులో అది కూడా చూసుకోండి. యారాడ బీచ్‌ను పట్టికలోంచి కొట్టేయండి, అక్కడ కెరటాల ఉధృతి పసిపిల్లలకు తగినది కాదు.

కాళ్ళు తడుపుకోవాలన్న ముచ్చట ఋషికొండలో తీర్చుకోండి. శుభ్రత, భద్రత ఉన్న తీరాలకు ఇచ్చే బ్లూ ఫ్లాగ్ అనే అంతర్జాతీయ గుర్తింపును 2020లో పొందిన తీరం అది. కాపలా ఉన్న భాగంలోనే ఉండి, అక్కడి గార్డులు ఎక్కడివరకు వెళ్ళమంటే అక్కడివరకే వెళ్ళండి. పాపకు అసలు సముద్రంలోకి వెళ్ళవలసిన అవసరమే లేదు. నీళ్ళకు బాగా ఎగువన ఇసుకలో చిన్న గుంట తవ్వి, ఇంటి నుంచి తెచ్చిన ప్లాస్టిక్ మగ్గుతో మీవారు నీళ్ళు మోసి పోస్తుంటే, ఆ గుంటే దాని సముద్రం. ఇసుక నీళ్ళను పీల్చేస్తూ ఉంటుంది, వీళ్ళు మళ్ళీ పోస్తూ ఉంటారు, ఈ ఆటకు అంతు ఉండదు. రెండున్నరేళ్ళ పిల్ల గంటసేపు ఒకే పనిలో మునిగిపోవడం మీరు మీ ఇంట్లో ఎప్పుడూ చూసి ఉండరు.

ఇక పట్టిక సంగతి. పదమూడు చోట్లంటే మూడు రోజుల్లో పూటకు రెండు పైమాటే. పోయిన ఏడాది మీకు వచ్చిన జ్వరాలకూ తగువుకూ మూలం ఇలాంటి పరుగే అయి ఉంటుందని నా అనుమానం. పిల్లల నిద్ర వేళ, తిండి వేళ తప్పితే ఎంత మంచి చోటైనా వాళ్ళకు శిక్షే. మీవారితో వాదన పెట్టుకోకుండా, ఆయన పట్టిక తీసుకుని ప్రతి చోటు ఎదురుగా ఒక్క ప్రశ్న వేయమనండి: ఇది హైదరాబాదులో దొరుకుతుందా? జూ పార్కు అప్పుడే పోతుంది. విశాఖ జూ మంచిదే, 1977 నుంచి ఉన్నది, కంబాలకొండ అడవిని ఆనుకుని చాలా పెద్దది. కానీ ఏనుగును చూడాలంటే బహదూర్‌పురాలోనే 1963 నుంచి మనకు నెహ్రూ జూ ఉండగా, అక్కడ అర పూట నడిపించి పిల్లలను అలసట పెట్టడం దేనికి? మాల్స్, పార్కులు కూడా అంతే. అరకు, బొర్రా గుహలు హైదరాబాదులో లేవు నిజమే, కానీ అవి విశాఖలో కూడా లేవు. వంద కిలోమీటర్లు పైబడిన కొండదారి, మలుపుల్లో పిల్లల వాంతులు, గుహల్లో దిగి ఎక్కవలసిన మెట్లు, మీ అత్తగారి మోకాళ్ళు, ఇవన్నీ ఒక్క రోజులో ఇమడవు. అరకు పోవాలంటే పిల్లలు ఇంకాస్త పెద్దయ్యాక, అక్కడే ఒక రాత్రి ఉండేలా పోవాలి.

ఈ కొట్టివేతలన్నీ అయ్యాక, ఏ పట్టికలోనూ లేనిది ఒకటి మిగులుతుంది. విశాఖకు వెళ్ళినవాళ్ళు బీచ్ చూస్తారు, గుడి చూస్తారు, రేవును చూడరు. మీ బాబు వయసు పిల్లలకు లారీలన్నా జేసీబీలన్నా ఎంత ఇష్టమో మీకు తెలుసు. అలాంటివాడికి వందల అడుగుల పొడవైన ఓడ నీటి మీద నిలబడి ఉండడం కంటే గొప్ప దృశ్యం ఏముంటుంది? సాయంత్రం రామకృష్ణా బీచ్‌లో పొడి ఇసుక మీద చాప పరుచుకుని కూర్చుంటే, దూరంగా లంగరు వేసి తమ వంతు కోసం ఎదురుచూస్తున్న ఓడలు వరుసగా కనిపిస్తాయి. మన ఊళ్ళో సిగ్నల్ దగ్గర బస్సులు ఆగినట్టు రేవులో చోటు కోసం అవి ఆగాయని బాబుకు చెప్పండి. ఓడ అడుగు భాగానికి సాధారణంగా ఎర్రరంగు వేస్తారు. ఎరుపు ఎక్కువగా కనిపిస్తే ఓడ ఖాళీగా తేలుతున్నదని, ఎరుపు నీళ్ళలో మునిగిపోయి ఉంటే బరువుతో ఉన్నదని చెప్పి, ఏది ఖాళీదో ఏది నిండుదో వాడినే కనిపెట్టమనండి. మరీ దూరాన ఉన్నవి తెలియకపోవచ్చు, రేవులోకి వచ్చే పోయే ఓడలకు బాగా తెలుస్తుంది. చీకటి పడ్డాక ఓడల మీద దీపాలు వెలుగుతాయి, వాటిని లెక్కపెట్టడం పాపకు కూడా వస్తుంది, ఒకటి తరువాత అయిదు అన్నా ఎవరూ తప్పు పట్టరు.

దక్షిణంగా సముద్రంలోకి ముక్కు చాచినట్టున్న కొండ డాల్ఫిన్ నోస్. తుపాను గాలుల నుంచి రేవుకు ఆ కొండే చాటు. దాని పక్కనున్న చిత్తడి నేలను తవ్వి లోపలి రేవు కట్టారు, 1933 డిసెంబరులో అప్పటి వైస్రాయి విల్లింగ్డన్ దాన్ని ప్రారంభించాడు. పిల్లలకు ఆ పేరు అక్కరలేదు గానీ ఒక కథ తప్పక చెప్పండి. రేవు నోటిని కెరటాలూ ఇసుక మేటలూ పూడ్చేయకుండా, అప్పట్లో రెండు పాత ఓడలను కావాలనే తెచ్చి అక్కడ ముంచి అడ్డుకట్టగా నిలబెట్టారు. పనికిరాకుండా పోయిన ముసలి ఓడలు కొత్త ఓడలకు గోడ అయ్యాయంటే ఐదేళ్ళవాడు కళ్ళు పెద్దవి చేసుకుని వింటాడు, మీ అత్తగారు కూడా వింటారు. స్వతంత్రం వచ్చాక మన దేశంలో తయారైన మొదటి పెద్ద ఓడ 'జల ఉష'ను 1948 మార్చిలో నెహ్రూ నీటిలోకి వదిలినది కూడా ఈ ఊళ్ళోని కర్మాగారం నుంచే. పాత రేవు దగ్గర మూడు చిన్న గుట్టల మీద చర్చి, దర్గా, వేంకటేశ్వరస్వామి గుడి పక్కపక్కన ఉంటాయి. అటువైపు నుంచి ఓడలు వెళ్ళే కాలువ కనిపిస్తుంది. చిన్న టగ్ పడవలు పెద్ద ఓడను లాక్కుని రావడం మీ అదృష్టం కొద్దీ కనిపించిందంటే, మిగిలిన పట్టికంతా మరిచిపోయినా ఫరవాలేదు.

చేపలరేవుకు తెల్లవారుజామున మీవారు బాబును ఒక్కడినే భుజాన ఎక్కించుకుని తీసుకువెళ్ళవచ్చు. నేల జారుడుగా ఉంటుంది, బుట్టలతో మనుషులు పరుగెడుతుంటారు, పాపను తీసుకువెళ్ళవద్దు. ఒకవేళ వేసవికి మార్చుకున్నారంటే, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం గనుక మరపడవలన్నీ ఒడ్డునే కట్టేసి ఉంటాయి.

కుర్సురా జలాంతర్గామిని పట్టికలో ఉంచండి. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, మరుసటి ఏడాది నుంచి బీచ్ రోడ్డు పక్కన ప్రదర్శనశాలగా ఉన్న ఈ పడవ పొడవు తొంభై మీటర్లకు పైనే. కానీ లోపల దారి ఇరుకు, ఒక గదిలోంచి ఇంకో గదిలోకి గుండ్రటి ద్వారాల గుండా వంగి కాలు ఎత్తి దాటాలి. అత్తగారికి అది కుదరదు, పాపను ఎత్తుకుని మీకూ కుదరదు. మీవారు, బాబు వెళ్ళి వస్తారు, మీరు ముగ్గురూ బయట గాలికి కూర్చోండి. నౌకాదళంలో పనిచేసి విరమించినవారే లోపల వివరాలు చెబుతారు. నావికులు ఎక్కడ పడుకుంటారు, ఎక్కడ వండుకుంటారు అని బాబు చేత అడిగించండి, వాళ్ళు ఎంతో ఇష్టంగా చెబుతారు. లోపలికి వెళ్ళాక వాడు భయపడితే మాత్రం బలవంతపెట్టకుండా బయటకు తెచ్చేయాలి, టికెట్ డబ్బులు చూసుకోకూడదు. రోడ్డుకు అవతలే 2017 నుంచి నౌకాదళపు పాత విమానం టీయూ-142 కూడా ప్రదర్శనలో ఉంది. సోమవారం జలాంతర్గామికి సెలవు, మిగిలిన రోజుల్లో కూడా వేళలు మారుతుంటాయి గనుక ముందు విచారించుకోండి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలని ఉంది. కుటుంబంతో వెళ్ళామంటే అందరూ అన్నిచోట్లకూ కట్టగట్టుకుని తిరగాలన్న పట్టుదల వల్లనే సగం తగువులు వస్తాయి. మీ అత్తగారికి సింహాచలం అప్పన్న దర్శనం కావాలి, అది న్యాయమైన కోరిక. మూడో రోజు పొద్దున్నే ఆవిడను మీవారు తీసుకువెళ్ళి వస్తారు, పిల్లలు లేచేంతవరకు పడుకుంటారు, క్యూలో ఏడుపులు ఉండవు. తల్లీకొడుకులకు కూడా అలా కాసేపు మాట్లాడుకునే వీలు దొరుకుతుంది. కైలాసగిరికి మాత్రం అందరూ కలిసి వెళ్ళండి. కొండ మీదికి వాహనం వెళుతుంది, చిన్న రైలు ఉంది, అక్కడి నుంచి చూస్తే తీరమంతా వంపు తిరిగి డాల్ఫిన్ నోస్ దాకా కనిపిస్తుంది. బొమ్మరైలు ఎక్కినవాళ్ళు దిగరు, దానికి సమయం వదలండి.

ఇలా చూస్తే రోజుకు ఒకటి, మహా అయితే రెండు. మొదటి రోజు దిగి, స్నానాలు చేసి, నిద్రపోయి, సాయంత్రం ఓడల దగ్గర కూర్చోవడం. రెండో రోజు ఎండ రాకముందు ఋషికొండ, మధ్యాహ్నం తప్పనిసరిగా గదిలో నిద్ర, ఎండ తగ్గాక కుర్సురా. మూడో రోజు కైలాసగిరి. వాన పడితే బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియం ఉండనే ఉంది.

మన హైదరాబాదు సముద్రానికి అయిదు వందల మీటర్లకు పైన ఉన్న పొడి నేల. ఇక్కడ చెమట పట్టినంత వేగంగా ఆరిపోయి ఒంటిని చల్లబరుస్తుంది. విశాఖ గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు, సముద్రపు గాలి తగులుతుంటే ఎండ తెలియదు. అందుకని దాహమని పిల్లలు అడిగేదాకా ఆగకుండా గంటకొకసారి నీళ్ళో మజ్జిగో కొబ్బరినీళ్ళో తాగిస్తూ ఉండండి. పల్చటి నూలు బట్టలు, టోపీ, రోజుకు మూడు జతలు పెట్టుకోండి. తడిసిన బట్టలతో ఏసీ గదిలోకి తీసుకువెళ్ళవద్దు. జ్వరానికి, విరేచనాలకు ఏ మందు ఎంత మోతాదులో వేయాలో మీ పిల్లల డాక్టరును ముందే అడిగి రాయించుకోండి, ఓఆర్ఎస్ ప్యాకెట్లు వెంట ఉండాలి. బీచ్‌లో మురీ మిక్చర్, పునుగులు పెద్దవాళ్ళు తినవచ్చు, పిల్లలకు మాత్రం ఇడ్లీ, పెరుగన్నం, అరటిపండే మంచిది. రద్దీలో తప్పిపోతారన్న భయానికి, ఇద్దరి ముంజేతి మీదా మీ ఫోను నంబరు బాల్ పెన్నుతో రాయండి. అత్యవసరానికి 112, అంబులెన్సుకు 108.

దసరా సెలవుల గురించి నేను మీతో ఏకీభవించలేను. అక్టోబరు, నవంబరు మాసాలు ఈ తీరానికి తుపానుల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ ఊరిని ఏం చేసిందో విశాఖవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. తుపాను రాకపోయినా అల్పపీడనం ఒకటి చాలు, మూడు రోజులూ గదిలో కూర్చోవడానికి. సంక్రాంతి రద్దీ తగ్గాక జనవరి చివరి వారంలోనో ఫిబ్రవరిలోనో వెళ్ళండి. యూకేజీ పిల్లవాడు రెండు రోజులు బడి మానితే పోయేదేమీ లేదు. రైలు టికెట్లు అరవై రోజుల ముందు నుంచి ఇస్తారు. వెళ్ళేటప్పుడు గోదావరి ఎక్స్‌ప్రెస్ మంచిది. 1974 నుంచి నడుస్తున్న ఆ బండి సాయంత్రం ఇక్కడ బయలుదేరి తెల్లవారేసరికి అక్కడ దింపుతుంది గనుక పిల్లలు దారంతా నిద్రపోతారు. అత్తగారికి కింది బెర్తు చూడండి. వచ్చేటప్పుడు పగటి వందేభారత్‌లో వస్తే ఎనిమిదిన్నర గంటలు కూర్చోవాలి, అయినా రాజమండ్రి దగ్గర గోదావరి మీద అంతసేపు సాగే వంతెనను పిల్లలు మెలకువగా ఉండి చూస్తారు.

బయలుదేరే ముందు ఒక ఆదివారం పిల్లలిద్దరినీ లుంబినీ పార్కుకు తీసుకువెళ్ళి, బుద్ధుడి విగ్రహం దాకా వెళ్ళే పడవ ఎక్కించి చూడండి. లైఫ్ జాకెట్ తొడిగితే ఊరుకుంటారో లేదో, ఇంజను చప్పుడుకు భయపడతారో లేదో తేలిపోతుంది. ఇక్కడ ఏడిస్తే ఋషికొండలో పడవ మాట ఎత్తకండి. ఏడవకపోయినా, పాప ఒంటికి బిగుతుగా సరిపోయే జాకెట్ అక్కడ దొరకకపోతే పాపను ఎక్కించకండి, పెద్ద జాకెట్‌లోంచి పసిపిల్ల నీళ్ళలోకి జారిపోతుంది. మీవారు, బాబు తిరిగి వచ్చేదాకా మీరు, అత్తగారు, పాప ముగ్గురూ ఆ ఇసుక గుంట దగ్గరే ఉండవచ్చు.